వడ్డించేవాడు మనవాడు కాకపోతే

(ఆ సాయంత్రం సభకు రాలేకపోయినవారి కోసం, రికార్డింగు విని రాసిన ప్రసంగ పాఠం.)

అందరికీ నమస్కారం. పరిచయం చేసిన మిత్రులు నన్ను కాస్త పెద్దవాణ్ణి చేశారు, దాన్ని దిద్దుకుని మొదలుపెడతాను. నేను వంటవాణ్ణి కాను. ఈ మాట ముందే చెప్పడం మంచిది, లేకపోతే చివర్లో ఎవరో లేచి ఫలానా సాస్ విరిగిపోకుండా ఎలా చేయాలని అడుగుతారు. నేను వడ్డించినవాణ్ణి. ప్యారిస్‌లో ఒక ఖరీదైన రెస్టారెంటులో నాలుగేళ్ళు పళ్ళేలు మోశాను. ఆ తర్వాత పాతికేళ్ళు ఆ పనినే కుర్రవాళ్ళకు నేర్పాను. కాబట్టి ఈవేళ నేను చెప్పేదంతా వంటగది తలుపుకు ఇవతలి నుంచి చెప్పేదే. అవతలి సంగతులు చెప్పడానికి చాలామంది ఉన్నారు. వాళ్ళకు టీవీలో కార్యక్రమాలు కూడా ఉన్నాయి. ఇవతలివాళ్ళకు మీలాంటి ఓపిక ఉన్నవాళ్ళు దొరకాలి.

ఒక రాత్రి సంగతి చెబుతాను. శనివారం. మా భోజనశాలలో పద్నాలుగు బల్లలు. కిటికీ పక్కన ఒక వృద్ధ దంపతులు కూర్చున్నారు. ఫ్రెంచివాళ్ళే, పెళ్ళయి నలభై ఏళ్ళు నిండిన సందర్భంగా వచ్చారు. వంటగది తలుపు దగ్గర ఇంకో జంట. నడివయసువాళ్ళు, దూరదేశం నుంచి వచ్చారు, మూడు నెలల ముందే బల్ల రిజర్వు చేసుకున్నారు. రెండు జంటలూ తీసుకున్నది ఒకటే మెనూ, ఏడు విడతలది. ఒకే పొయ్యి, ఒకే షెఫ్, ఒకే చేప. ఒకే చేప అంటే ఒకే రకం చేప అని కాదు. అక్షరాలా ఒక్కటే చేప. పెద్ద టర్బో చేప ఒకటి వచ్చింది, దాని పై ముక్కలు కిటికీ పక్కకు వెళ్ళాయి, కింది ముక్కలు తలుపు దగ్గరికి వెళ్ళాయి.

వెళ్ళేటప్పుడు ఆ పెద్దాయన మా మేట్ర్ దోటెల్ చేతిని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మేట్ర్ దోటెల్ అంటే భోజనశాలకు పెద్ద. పెద్దావిడ కళ్ళు తుడుచుకుంది. రెండో జంటకు కోట్లు అందించింది నేనే. ఆయన కోటు తొడుక్కుంటూ భార్యతో ఒక మాట అన్నాడు. నాకు వినిపించాలని అన్నది కాదు, కానీ వినిపించింది. 'అసలు మనల్ని ఎందుకు రమ్మన్నట్టు?' అన్నాడు.

గమనించారా? ఉప్పు తక్కువైందని అనలేదు. ధర ఎక్కువని అనలేదు. ఎందుకు రమ్మన్నట్టు అన్నాడు. పిలిచి అవమానించినవాళ్ళ గురించి అనే మాట అది.

మీలో చాలామంది నాలుక చివర ఒక సామెత ఆడుతోంది, నాకు తెలుసు. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి. అవునా? ఆ సామెత మీద నాకు గౌరవమే, కానీ ఇక్కడ అది అక్కరకు రాదు. ఎందుకంటే ఆయన జిహ్వకు ఏ ఇబ్బందీ లేదు. ఆ పళ్ళేలు వంటగదికి తిరిగి తీసుకెళ్ళింది నేనే కదా, తుడిచినట్టు ఖాళీగా ఉన్నాయి. మనిషి మర్యాదకు అబద్ధం చెబుతాడేమో గానీ, తిన్న పళ్ళెం అబద్ధం చెప్పదు. ఖరీదైన ఫ్రెంచి రెస్టారెంటుకు వెళ్ళొచ్చినవాళ్ళలో సగంమంది స్వర్గం చూసినట్టు మాట్లాడతారు, సగంమంది ఎవరో చెంప మీద కొట్టినట్టు మాట్లాడతారు. ఈ తేడాకు రుచి కారణమైన సందర్భాలు నేను చూసినంతలో చాలా తక్కువ. ఇక్కడ పనికొచ్చే సామెత వేరే ఉంది. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదు. ఈవేళ నా ప్రసంగం మొత్తం ఆ సామెతకు వ్యాఖ్యానం అనుకోండి.

ముందు కొంచెం చరిత్ర. భయపడకండి, తొందరగానే బయటపడతాం. 'రెస్టోరాన్' అనే మాట మొదట భోజనశాల పేరు కాదు, ఒక చారు పేరు. నీరసించిన ఒంటికి సత్తువ తెప్పించే మాంసం చారు. 1760లలో ప్యారిస్‌లో ఆ చారు అమ్మే చోట్లు మొదలయ్యాయి. అంతకుముందు బయట తినాలంటే సత్రంలో పెద్ద ఉమ్మడి బల్ల దగ్గర, వాళ్ళు పెట్టిన వేళకు, వాళ్ళు పెట్టింది తినాలి. చొరవ ఉన్నవాడికి మంచి ముక్క, మొహమాటపడేవాడికి ఎముక. కొత్తగా వచ్చిన ఈ చారు కొట్లలో విడివిడిగా చిన్న బల్లలు వేశారు. మీకు కావలసిన వేళకు వెళ్ళవచ్చు, కాగితం మీద ధర చూసి కావలసింది అడగవచ్చు. అంటే ఏమిటి? రెస్టారెంటు పుట్టుకలోనే అమ్ముడుపోయింది వంట ఒక్కటే కాదు. 'నీ ఒంట్లో ఎలా ఉంది, నీకేం కావాలి' అనే ఆ విచారణ కూడా అమ్ముడుపోయింది. 1789 విప్లవం తర్వాత ప్రభువుల ఇళ్ళలో పనిపోయిన వంటవాళ్ళు చాలామంది రెస్టారెంట్లు పెట్టుకున్నారు. దాంతో ఆ విచారణకు వెండి గిన్నెలు, బల్లల మీద తెల్ల గుడ్డలు తోడయ్యాయి.

ఇంకో మలుపు చూడండి. పాత ఫ్రెంచి విందులో వంటకాలన్నీ ఒకేసారి బల్ల మీద పరిచేవారు. మీ ముందు ఏది పెడితే అదే మీ భాగ్యం. బల్ల ఆ కొసన ఉన్న నెమలిని చూసి ఆనందించడమే. 1810 ప్రాంతంలో రష్యా రాయబారి కురాకిన్ ప్యారిస్‌లో ఇచ్చిన విందుల్లో వేరే పద్ధతి కనబడిందని చెబుతారు. ఒక్కో వంటకమే, ఒకదాని తర్వాత ఒకటి, అందరికీ వేడివేడిగా. దాన్నే రష్యన్ వడ్డన అన్నారు. ఆ శతాబ్దంలోనే అది ఫ్రాన్సులో పాతుకుపోయింది. అప్పుడే వడ్డించేవాడి చేతికి అధికారం వచ్చింది. పంక్తి పోయింది, వడ్డించేవాడు మిగిలాడు. బాతును మీ ముందే కోసేవాడు, చేపలో ముల్లు మీ ముందే తీసేవాడు, పలుచని అట్ల మీద బ్రాందీ పోసి మీ ముందే మంట పెట్టేవాడు. ఆ పని చేస్తూ మిమ్మల్ని చూసేవాడు. మీరు సాస్ పక్కకు నెడుతున్నారా, రెండోసారి కావాలని మొహమాటపడుతున్నారా, అన్నీ కనిపెట్టేవాడు.

ఆ తర్వాత 1960లు, 70లు వచ్చాయి. రోఆన్ పట్టణంలో ట్రువాగ్రో సోదరులు, వాళ్ళతోపాటు మరికొందరు షెఫ్‌లు పళ్ళేన్ని వంటగదిలోనే పూర్తిగా అమర్చి పంపడం మొదలుపెట్టారు. సోరెల్ ఆకు పుల్లని సాస్‌తో వాళ్ళు చేసిన సాల్మన్ చేప జగత్ప్రసిద్ధం. 1973లో గో, మియో అనే ఇద్దరు విమర్శకులు ఈ ధోరణికి 'నువెల్ క్విజీన్', అంటే కొత్త వంట, అని జెండా ఎత్తి పది సూత్రాలు కూడా రాశారు. వంటకు అది మేలే చేసింది, నేను కాదనను. చిక్కని పిండి సాస్‌లు పోయి చేపకు చేప రుచి వచ్చింది. కానీ నా వృత్తికి ఏమైంది? కత్తి పోయింది, గరిటె పోయింది, మంట పోయింది. మిగిలిందేమిటి? పళ్ళెం మోయడం, దాన్ని దించి ఒక పాఠం అప్పజెప్పడం. 'ఇది ఫలానా సముద్రపు చేప, ఇది ఫలానా మూలిక నురగ, ఇది ఎడమ నుంచి కుడికి తినండి.' మీ వైపు చూడవలసిన అవసరం లేని పని అది. చేతిలో పని ఉన్నవాడు మనిషిని గమనిస్తాడు, చేతిలో పాఠం ఉన్నవాడు పాఠాన్నే గమనిస్తాడు.

సరే, మళ్ళీ ఆ తలుపు దగ్గరి జంట దగ్గరికి వెళదాం. ఆ రాత్రి వాళ్ళకు ఏం జరిగింది? పెద్ద ఘోరం ఏమీ జరగలేదు. అదే ఇందులో ఉన్న కష్టం. ఘోరం జరిగితే క్షమాపణ చెప్పవచ్చు.

కూర్చోగానే మా కుర్రవాడు అడిగాడు, నీళ్ళు మామూలువా, గ్యాస్ ఉన్నవా అని. రెండూ సీసా నీళ్ళే, రెండింటికీ డబ్బు పడుతుంది. ఫ్రాన్సులో భోజనంతోపాటు కూజాలో కుళాయి నీళ్ళు, బ్రెడ్డు ఉచితం. 2020లో వచ్చిన చట్టం ప్రకారం ఉచిత నీళ్ళున్నాయని రాసి పెట్టాలి కూడా. నేను పనిచేసిన రోజుల్లో అలా రాసి ఉండేది కాదు. తెలిసినవాడు 'కరాఫ్', అంటే కూజా, అని ఒక్క మాట అని ఊరుకుంటాడు. తెలియనివాడు రెండింటిలో ఒకటి ఎంచుకుంటాడు, బిల్లులో చూసి మోసపోయాననుకుంటాడు. మోసమా? కాదు. మర్యాదా? అదీ కాదు.

తర్వాత వైను. సొమ్మెలియే, అంటే వైను సంగతి చూసేవాడు, సీసా తెరిచి గ్లాసులో ఒక గుక్క పోశాడు. ఆయన తాగి చూసి, 'నాకంత నచ్చలేదు' అన్నాడు, నిజాయితీగా. అక్కడ ఒక క్షణం నిశ్శబ్దం. ఎందుకంటే ఆ గుక్క పోసేది నచ్చిందా లేదా అని అడగడానికి కాదు. బిరడా వల్ల వైను చెడి, తడిసిన అట్టపెట్టె వాసన వస్తోందా అని చూడమని. మీలో ఎంతమందికి తెలుసు ఈ సంగతి? చేతులెత్తండి. ముగ్గురు... నలుగురు. చూశారా, ఇంత పెద్ద సభలో నలుగురు. ఆయనకు తెలియకపోవడం వింతేమీ కాదు. మా సొమ్మెలియే చేయవలసిందల్లా నవ్వి, 'మీకు ఎలాంటిది ఇష్టమో చెప్పండి' అనడం. మావాడు కనుబొమలు ఎత్తాడు. అంతే. ఒక జత కనుబొమలు ఆ భోజనంలో రెండు విడతల్ని మింగేశాయి.

తర్వాత తీపితోపాటు కాఫీ అడిగారు. 'కాఫీ తర్వాత వస్తుంది, మెస్యూ' అన్నాడు మావాడు. నిజమే, అక్కడ తీపి అయ్యాకే కాఫీ. కానీ నియమం చెప్పే గొంతు ఒకటి ఉంటుంది, నేరం మోపే గొంతు ఒకటి ఉంటుంది. వాళ్ళకు వినబడింది రెండోది.

ఆఖరిది బిల్లు. ఫ్రాన్సులో అడగకుండా బిల్లు తెచ్చి పెడితే 'ఇక లేవండి' అన్నట్టు. అందుకని అడిగేదాకా తేరు. తలుపు దగ్గరి జంట అడగకుండా తెస్తారని ఎదురుచూశారు. వీళ్ళు అడుగుతారని మేం ఎదురుచూశాం. నలభై నిమిషాలు! రెండు వైపులా మర్యాదే. నలభై నిమిషాల పాటు ఒకరి మర్యాద ఇంకొకరిని హింసించింది. చివరకు ఆయన బిల్లు కట్టి, దాని మీద మరో 20 శాతం బల్ల మీద పెట్టి వెళ్ళాడు. అక్కడి ధరల్లో వడ్డన రుసుము కలిసే ఉంటుంది, బిల్లు మీద 'సెర్వీస్ కొంప్రీ' అని రాసి ఉంటుంది. ఆయన దేశంలో అలా కాదు. పెట్టకపోతే అమర్యాద అవుతుందని పెట్టాడు. అవమానపడ్డాననుకున్న మనిషి, పైన ఇంకా డబ్బు పెట్టి, 'ఎందుకు రమ్మన్నట్టు' అనుకుంటూ వెళ్ళాడు. ఆ డబ్బు మేం పంచుకున్నాం. నా వాటాతో ఏం కొనుక్కున్నానో ఇప్పుడు గుర్తులేదు. ఆ మాట మాత్రం గుర్తుంది.

మరి కిటికీ పక్క వృద్ధులకు ఏం అందింది? వాళ్ళకు ఈ నియమాలన్నీ పుట్టుకతో తెలుసు. నీళ్ళు కూజాలో అడిగారు, బిల్లు చేయి ఎత్తి అడిగారు. వాళ్ళ దగ్గర మేం కూడా తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాం. తెలిసినవాళ్ళకు వడ్డించడం ఎవరికైనా వచ్చు. జీతం తీసుకునేది తెలియనివాళ్ళకు వడ్డించినందుకు.

కొందరు అడుగుతారు, అంత లోపముంటే ఆ రెస్టారెంటుకు నక్షత్రాలు ఎలా ఇచ్చారు అని. మంచి ప్రశ్న. ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగకపోతే నేనే అడిగించుకుంటాను. ఈ నక్షత్రాలిచ్చే మిషెలిన్ గైడు 1900లో టైర్ల కంపెనీ సోదరులు ఇద్దరు కారు నడిపేవాళ్ళకు ఉచితంగా పంచిన పుస్తకం. నక్షత్రం 1926లో వచ్చింది, మూడు మెట్లు 1931లో. ఒక నక్షత్రం అంటే దారిలో ఆగి తినదగ్గ మంచి వంట, రెండైతే దారి మళ్ళించుకుని వెళ్ళదగ్గది, మూడైతే దాని కోసమే ప్రయాణం కట్టదగ్గది. బాగుంది. మరి దేన్ని చూసి ఇస్తారు? వాళ్ళు చెప్పే కొలతలు ఐదు. సరుకు నాణ్యత, వండే నైపుణ్యం, రుచుల పొందిక, షెఫ్ వ్యక్తిత్వం, ఎప్పుడు వెళ్ళినా అదే స్థాయి ఉండటం. ఐదింటిలో మీరు కూర్చున్న కుర్చీ ఉందా? సొమ్మెలియే కనుబొమలు ఉన్నాయా? లేవు. సౌకర్యానికి చాలాకాలం వేరే గుర్తు ఉండేది, చెంచా ఫోర్కు బొమ్మ. నక్షత్రం మాత్రం పళ్ళేనికి. ఫిర్యాదు చేసేది బల్ల దగ్గర కూర్చున్న మనిషి. నక్షత్రం పళ్ళేనిది, ఫిర్యాదు బల్లది. ఈ రెండింటినీ కలిపి చూసి జనం తికమక పడతారు.

ఇంకొకటి ఆలోచించండి. ఆ గైడు తరఫున వచ్చే పరిశీలకుడు పేరు చెప్పడు, డబ్బు కట్టే తింటాడు, చాలా నిజాయితీపరుడు. కానీ ఆ డబ్బు కంపెనీది. ఏడాదికి వందల భోజనాలు చేస్తాడు. ఆ రాత్రి అతని పెళ్ళిరోజు కాదు. ఆ బల్ల కోసం మూడు నెలలు రోజులు లెక్కపెట్టుకోలేదు. అతనికి అది పని, మీకు అది పండుగ. పండుగ పాడైతే కలిగే కోపం అతని కాగితంలో ఏ గడిలో రాస్తాడు?

నాలుక మీదైనా అందరూ ఏకమవుతారా అంటే, నిపుణులే ఏకం కారు. 2019లో ఆల్ప్స్ ప్రాంతపు షెఫ్ మార్క్ వేరా మూడో నక్షత్రం పోగొట్టుకున్నాడు. తన సూఫ్లేలో, అంటే గుడ్డు తెల్లసొన గిలక్కొట్టి పొంగేలా కాల్చే వంటకంలో, పరిశీలకులు చెడ్డార్ చీజ్ ఉందనుకున్నారని ఆయన ఆరోపణ. ఫ్రెంచి కొండ ప్రాంతపు మనిషిని పట్టుకుని ఇంగ్లిష్ చీజ్ వాడావంటే ఊరుకుంటాడా? అందులో ఉన్నవి రెబ్లోషోన్, బోఫోర్, తోమ్ చీజ్‌లని, పసుపు రంగు వచ్చింది కుంకుమపువ్వు వల్లనని వాదించి కోర్టుకు వెళ్ళాడు. అడిగిన పరిహారం ఎంతో తెలుసా? ఒక్క యూరో. ఆ ఏడాది చివర్లో కోర్టు కొట్టేసింది. ఒక సూఫ్లే మీద లాయర్లు వాదించుకున్నారు! నాకు ఆ కేసులో నవ్వు రాదు. నన్ను సరిగ్గా చూడలేదు అన్న బాధే అది కూడా, కాకపోతే ఈసారి ఆ బాధ షెఫ్‌ది.

ధర గురించి ఒక మాట. 2008లో కాలిఫోర్నియాలో కొందరు పరిశోధకులు ఒకే వైనును ఒకసారి 10 డాలర్లదని, ఇంకోసారి 90 డాలర్లదని చెప్పి తాగించారు. 90 డాలర్లదే ఎక్కువ బాగుందన్నారు తాగినవాళ్ళు. మెదడు చిత్రాలు తీస్తే, ఆనందాన్ని పట్టి ఇచ్చే భాగంలో కూడా కదలిక ఎక్కువే కనబడింది. అంటే మర్యాదకు అన్నది కాదు, నిజంగానే ఎక్కువ ఆనందించారు. ఇది రెస్టారెంటువాళ్ళకు వరమని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. ఆ భూతద్దం రెండు వైపులా పనిచేస్తుంది. 15 యూరోల భోజనంలో వెయిటరు మొహం చిట్లిస్తే 'పాపం అలసిపోయాడు' అనుకుంటారు. 300 యూరోల భోజనంలో అదే మొహం చిట్లిస్తే జన్మంతా చెప్పుకుంటారు.

ముందు వరుసలో ఒకరు పక్కవారి చెవిలో ఏదో అంటున్నారు. వినబడింది లెండి. 'అంత డబ్బుకు ఇంత చిన్న ముక్కా' అనే కదా? న్యాయమైన ప్రశ్నే. ప్యారిస్‌లో, ఫిలడెల్ఫియాలో రెస్టారెంట్ల వడ్డనలను తూచిన ఒక పరిశోధన 2003లో వచ్చింది. మామూలు చోట్లే, నక్షత్రాలవి కావు. ప్యారిస్‌లో సగటు వడ్డన 277 గ్రాములు, అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 346. ఒక దేశంలో చాలినంత, ఇంకో దేశంలో చాలదు. ఏడు విడతల మెనూలో ఐదో విడతకు చీజ్ బండి వచ్చేసరికి, మొదట్లో చిన్న ముక్క అని గొణిగినవాళ్ళే బెల్టు సర్దుకోవడం నేను చాలాసార్లు చూశాను. ఈ ఫిర్యాదు మీద నాకు జాలి లేదు, ముందుకు వెళదాం.

ధరలు లేని మెనూ సంగతి మాత్రం చెప్పి తీరాలి. కొన్ని పాత రెస్టారెంట్లలో మగవాడి మెనూలో ధరలు ఉండేవి, ఆడవాళ్ళ మెనూలో ఉండేవి కావు. నేను పనిచేసిన చోట కూడా ఆ అలవాటు ఉండేది. ఒకరోజు తల్లీ కొడుకూ వచ్చారు. నేను ధరలున్నది కొడుకు చేతిలో పెట్టాను, లేనిది తల్లి చేతిలో పెట్టాను. ఆవిడ మెనూ తెరిచి, మూసి, నా వైపు చూసి, 'వీడికి ఇంకా ఉద్యోగం రాలేదు బాబూ' అంది. డబ్బు ఆవిడది, కుర్రవాడికి పరీక్ష పాసైనందుకు తినిపిస్తోంది. నా చెవులు కాలిపోయాయి. ఆ రాత్రి ఆవిడ నవ్వేసింది కాబట్టి బతికిపోయాను. ఇంకొకరైతే లేచి వెళ్ళిపోయేవారు, తప్పు వాళ్ళది కాదు.

ఇప్పుడు పూర్తిగా వేరే రకం చోటు చెబుతాను. సేన్ నది ఒడ్డున 'తూర్ దార్జాన్' అని ఉంది. ఆరో అంతస్తులో కూర్చుంటే నోత్ర్ దామ్ చర్చి కనబడుతుంది. అక్కడ 1890 నుంచి ప్రతి బాతుకూ ఒక నంబరు. అప్పటి ఇంగ్లండు యువరాజు, తర్వాత ఏడవ ఎడ్వర్డ్ అయినాయన, తిన్న బాతు నంబరు 328. 2003లో పది లక్షలు దాటింది. భోజనశాలలోనే, మీ ముందే, వెండి యంత్రంలో బాతు ఎముకల్ని నొక్కి రసం తీసి సాస్ చేస్తారు. మీ బాతు నంబరు రాసిన కార్డు చేతికిస్తారు. ఆ రెస్టారెంటుకు 1996లో మూడు నక్షత్రాలు రెండయ్యాయి, 2006లో ఒకటయ్యింది. అయినా ఆ కార్డును చట్రం కట్టించి గోడకు తగిలించుకున్న ఇళ్ళు నేను చూశాను. తగ్గిన నక్షత్రాల గురించి వాళ్ళు ఒక్క మాటా అనలేదు. ఎందుకు? నీ బాతు ఇది, దీని నంబరు ఇది అని ఎవరో వాళ్ళ కోసం, వాళ్ళ ముందు, ఒక పని చేశారు. అదంతా నాటకమే అని మీరనవచ్చు. అనండి. నాటకంలో కూడా ప్రేక్షకుడి వైపు తిరిగి నిలబడతారు కదా.

ముగింపు గురించి కూడా వింత సంగతి ఒకటి ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానమన్ చూపించినది. ఒక అనుభవాన్ని తర్వాత తలుచుకునేటప్పుడు అందులో తీవ్రమైన ఘట్టాన్ని, చివరి ఘట్టాన్ని ఎక్కువగా లెక్కలోకి తీసుకుంటామట, ఎంతసేపు సాగిందన్నది పెద్దగా లెక్కకు రాదట. ఇప్పుడు భోజనశాల వైపు చూడండి. మూడున్నర గంటల భోజనానికి చివరి ఘట్టం ఏమిటి? బిల్లు! అంతకన్నా చెడ్డ ముగింపు ఎవరు రాయగలరు? అందుకే తెలివైన రెస్టారెంట్లు బిల్లు తర్వాత ఇంకో ముగింపు కలుపుతాయి. చిన్న చిన్న మిఠాయిలు, టోకెను అడగకుండానే మీ కోటు మీదేనని గుర్తుపట్టి తేవడం, కొన్ని చోట్ల రేపటి ఉదయానికి ఒక బ్రియోష్ రొట్టె పొట్లం. ఆ పొట్లం ఖర్చు రెండు యూరోలు ఉండదు.

వచ్చినవాళ్ళ తప్పులు లేవా? ఉన్నాయి. రిజర్వు చేసుకుని రానివాళ్ళు, ఫోను కూడా చేయనివాళ్ళు, వాళ్ళను నేను క్షమించను. పద్నాలుగు బల్లల చోట రెండు ఖాళీగా ఉంటే ఆ రాత్రి లాభం పోయినట్టే. ఫొటో కోసం సూఫ్లేను కూలిపోనిచ్చేవాళ్ళూ ఉన్నారు. కానీ డబ్బు కట్టేవాడి తప్పులు లెక్కపెట్టడానికి మీరు నన్ను పిలవలేదనుకుంటాను.

మా మేట్ర్ దోటెల్ నన్ను తిట్టిన తిట్టు ఒకటి ఉంది. మొదటి నెల. నేను పళ్ళెం దించి, షెఫ్ చెప్పిన కోణంలోనే దించానా లేదా అని చూసుకుంటున్నాను. ఆయన నన్ను పక్కకు పిలిచి, 'పళ్ళెం చూస్తున్నావు, చెయ్యి చూడు' అన్నాడు. నాకు అర్థం కాలేదు. 'ఆవిడ గ్లాసు ఏ చేత్తో పట్టుకుంది?' అన్నాడు. చూశాను. ఎడమ చేత్తో. నేను గంట నుంచి ఆవిడ గ్లాసు కుడి వైపు పెడుతున్నాను, ఆవిడ గంట నుంచి దాన్ని ఎడమ వైపుకు జరుపుకుంటోంది. నాకేమీ చెప్పలేదు. చెప్పరు. ఇంటికి వెళ్ళాక చెబుతారు, మనకు కాదు, అందరికీ.

నాకు కూడా ఎడమచేతివాటమే. అందుకే ఆ తిట్టు ఇంకా గుచ్చుకుంది.

ఆ ఉద్యోగం మానేసిన చాలా ఏళ్ళకు నేను ప్యారిస్‌లో ఒక పేరున్న చోటుకు తినడానికి వెళ్ళాను. పేరు చెప్పను. ఒక్కణ్ణే వెళ్ళాను. స్తంభం వెనక, గిన్నెలు పెట్టే బల్ల పక్కన కూర్చోబెట్టారు. ఒంటరిగా వచ్చినవాడికి ఎక్కడైనా దాదాపు అదే చోటు. కుర్ర వెయిటరు ఒకడు వచ్చి పావురం వంటకం గురించి ఊపిరి పీల్చకుండా పాఠం అప్పజెప్పాడు. ఈ ఆకు ఏమిటి అని అడిగాను. 'కనుక్కుని వస్తాను' అని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. పావురం అద్భుతంగా ఉంది, నా వృత్తి మీద ఒట్టు. అయినా బయటికి వచ్చి మెట్రో మెట్లు దిగుతూ నాలో నేను ఏమనుకున్నానో తెలుసా? అదే. ఎందుకు రమ్మన్నట్టు?

ఆరేళ్ళ తర్వాత మళ్ళీ వెళ్ళాను. ఎందుకు వెళ్ళావు అని మా ఆవిడ అడిగింది, జవాబు చెప్పలేకపోయాను. మళ్ళీ ఒక్కణ్ణే. మళ్ళీ అదే స్తంభం. వడ్డించింది ఆ కుర్రవాడే, ఇప్పుడు కొంచెం లావయ్యాడు, చెంపల దగ్గర నెరిసింది. నన్ను గుర్తుపట్టలేదు. నేనూ చెప్పలేదు. మొదటి విడత అయ్యింది. రెండో విడతకు పళ్ళెం రాకముందే అతను వచ్చి, ఒక్క మాట అనకుండా, నా కత్తిని ఎడమకు, ఫోర్కును కుడికి మార్చి, గ్లాసును ఎడమ వైపుకు జరిపి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి కూడా పావురమే తిన్నాను. అది కాస్త ఎక్కువ కాలిందన్న సంగతి నాకు మర్నాడు పొద్దున పళ్ళు తోముకుంటుంటే గుర్తుకొచ్చింది.